వదిన వంటింటికి కొత్త లైట్లు

మా వదిన యాభై దాటాక రెండో పెళ్ళి చేసుకుంది. పట్టుబట్టి చేయించింది ఆడపడుచుని నేనే. ఆమె వెళ్ళిన కొన్నాళ్ళకి ఒక ఉదయం వంటింట్లో నిలబడి, ఉప్పు ఏ డబ్బాలో ఉందో పంచదార ఏ డబ్బాలో ఉందో తెలీక, రెండింట్లోనూ వేలు ముంచి నాకి చూసుకున్నాను. నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఇల్లంతా ఒక్కసారి చప్పుడు లేకుండా అయిపోయింది.

మాది విశాఖ మల్కాపురంలో ఒక పాత అపార్టుమెంటు, మూడో అంతస్తు. ఆ ఇల్లు అన్నయ్యా నేనూ కలిసి కొన్నాం. అన్నయ్య పోర్టులో క్రేన్ నడిపేవాడు. కామెర్లొచ్చి, అందరూ నాటుమందు, ఇంగ్లీషు మందు అని వాదించుకుంటూ ఉండగానే పోయాడు. పిల్లల్లేరు. అనకాపల్లి దగ్గర మా ఊరికి వెళ్ళమని వదినకి కొందరు చెప్పారు, పుట్టింటికి పొమ్మని కొందరు చెప్పారు. వదిన ఎక్కడికీ వెళ్ళలేదు. "నువ్విక్కడుంటే నానూ ఇక్కడే" అంది, అంతే. నా పెళ్ళి సంగతి అప్పటికే అందరూ మర్చిపోయారు. నేను కూడా.

నేను గాజువాకలో ఒక చిన్న ఆఫీసులో డ్రాయింగులు గీసేదాన్ని. ఫ్యాక్టరీలు కట్టేవాళ్ళకి నక్షలు కావాలి కదా, అవి. మొదట్లో ట్రేసింగ్ కాగితం మీద ఇంకు పెన్నులతో, తర్వాత కంప్యూటర్ మీద. వదిన ఇంట్లోనే వంట చేసి, షిప్‌యార్డులో కాంట్రాక్టు పనికి వచ్చే వాళ్ళకి క్యారేజీలు పంపేది. వంటిల్లు పూర్తిగా ఆమెది. నేను అందులోకి వెళ్ళేది మంచినీళ్ళకే. అప్పుడు కూడా "అడ్డు లెగు పిల్లా, నూనె సిందుద్ది" అనేది. అలా ఎన్నో ఏళ్ళు.

కొండ అవతల సముద్రం ఒడ్డునున్న యారాడ నించి ఒకావిడ గంపలో చేపలు తెచ్చేది. ఆమెకి ఒక అన్న. భార్య పోయింది, కూతురికి పెళ్ళయిపోయింది, బోటు ఇంజన్లు బాగుచేసుకుంటూ ఒక్కడే ఉంటాడు. "మా అన్నకి వండిపెట్టే దిక్కు లేదమ్మా, నువ్వేమో ఊరందరికీ వండుతన్నావు" అని ఆవిడ ఒకరోజు వదినతో హాస్యమాడింది. వదిన చేటతో కొట్టబోయింది. కానీ ఆ తర్వాత చేపలు కొనేటప్పుడు మా వదిన అడిగే ప్రశ్నలు మారాయి. కొండ అవతల వాన పడిందా, బోట్లు వెళ్ళాయా, మీ అన్న జ్వరం తగ్గిందా. నేను గమనించాను. ఆయన్ని ఒకసారి ఇంటికి రమ్మన్నాను. నల్లగా, పొడుగ్గా, చేతుల నిండా పాత గ్రీజు మరకలతో, కుర్చీ అంచున కూర్చుని టీ తాగి వెళ్ళిపోయాడు. వదిన వంటింట్లోంచి బయటికి రాలేదు. కానీ ఆ రోజు పులుసులో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది.

"నానెల్లిపోతే నువ్వేటి సేత్తావ్?" అని అడిగింది ఒక సాయంత్రం.

"ఆఫీసుంది. కుక్కరుంది. కొండ దాటితే నువ్వున్నావు. ఇంకేం కావాలి?" అన్నాను.

ఆ మాట అనేసరికి నా చేతిలో కంటి డాక్టరు ఇచ్చిన మందుల చీటీ ఉంది. పర్సులో పెట్టేశాను.

అది ఎలా మొదలైందంటే, ఆఫీసులో ఒక షెడ్డు డ్రాయింగు చూస్తుంటే మధ్యలో ఒక గీత వంగింది. తిన్నగా ఉండాల్సిన గీత, తడిసిన దారంలా. కంప్యూటర్ పాడైందనుకుని పక్క సీటులోకి వెళ్ళాను. అక్కడా వంగింది. ఇంటికొస్తే తలుపు చట్రం కూడా వంకరగా ఉంది. డాక్టరమ్మ గళ్ళ కాగితం ఒకటి ముందు పెట్టి, ఒక కన్ను మూసుకుని మధ్యలో చుక్క చూడమంది. జీవితమంతా గళ్ళు గీసినదాన్ని. ఏ కంటితో చూసినా చుక్క లేదు. చుక్క ఉండాల్సిన చోట బూడిద రంగు మసక. చుట్టూ గళ్ళు ఒంగి ఉన్నాయి.

కంటి వెనక పొర మధ్యలో అరిగిపోతోందని చెప్పిందామె. పోయింది తిరిగి రాదు. పూర్తిగా చీకటి అయిపోదు, చుట్టుపక్కల కనిపిస్తూనే ఉంటుంది, కానీ సూటిగా చూసిందే కనపడదు. "ఇంట్లో వెలుగు బాగా పెట్టుకోండి. పని చేసే చోట ఎక్కువ కావాలి. కళ్ళలోకి మాత్రం కొట్టకూడదు" అంది.

వదినకి చెబితే పెళ్ళి అక్కడితో ఆగిపోతుంది. అది నాకు ఎంత బాగా తెలుసంటే, చెప్పాలా వద్దా అని ఆలోచించను కూడా లేదు. సింహాచలం కొండ మీద, ఓ పదిమంది ముందు, వదిన పసుపు తాడు కట్టించుకుంది. వెలుగు ఎక్కువగా ఉన్న చోటు చూసుకుని నిలబడ్డాను. సూటిగా చూస్తే ఆమె మొహం కనపడలేదు గానీ, కొంచెం పక్కకి చూస్తే నవ్వుతున్నట్టు కనిపించింది. ఆ తర్వాత ఆఫీసు పని నేనే మానేశాను. గీత తిన్నగా ఉందో లేదో తెలీని మనిషి డ్రాయింగు మీద సంతకం పెట్టకూడదు.

అలా ఇంట్లో మిగిలాను, వదిన వంటింటితో.

ఆ వంటింట్లో ఒకే ట్యూబ్‌లైటు. అది వెనక గోడ మీద. గట్టు దగ్గర నిలబడితే మన నీడ మన పని మీదే పడుతుంది. కిటికీ ఉంది గానీ పోర్టు వైపు నించి వచ్చే బొగ్గు పొడికి భయపడి ఎప్పుడూ మూసే ఉంచేవాళ్ళం. అద్దాలు మసిబారి ఎప్పుడు చూసినా సందెవేళలా ఉండేది. గట్టు మీద నల్లటి గ్రానైట్ రాయి. వదినకి వెలుతురుతో పనిలేదు. ఏ డబ్బా ఎక్కడుందో ఆమె చేతికి తెలుసు, ఏ మంట ఎంతుందో చెవికి తెలుసు. నా చేతులకి అలాంటి చదువు లేదు. ఆవాలు నల్ల మూకుడులో వేస్తే వేశానో లేదో తెలిసేది కాదు, చిటపటలాడితే తప్ప. వంకాయ తరుగుతూ రెండుసార్లు వేలు తెంచుకున్నాను. కుక్కర్ పక్కనే ఉన్న వేడి పెనం మీద చెయ్యి వేశాను.

బాత్‌రూమ్ ఇంకా ఘోరం. తెల్ల టైల్స్, తెల్ల బకెట్, తెల్ల మగ్గు. గడప దగ్గర ఒక మెట్టు దిగాలి. మెట్టుకీ నేలకీ ఒకటే రంగు. ఒకరోజు ఆ మెట్టు నాకు కనపడలేదు. మోకాలు మీద పడ్డాను. బకెట్ తన్నుకుని నీళ్ళన్నీ ఒలికిపోయాయి. "వదినా!" అని అరిచాను. అరిచాక గుర్తొచ్చింది. కింద ఇంట్లో టీవీ మోగుతోంది, ఎవరో పాత్రలు తోముతున్నారు. ఆ తడిలోనే కాసేపు కూర్చుని ఉండిపోయాను. నొప్పి పెద్దది కాదు. ఎవరూ "ఏటయ్యింది?" అని పరిగెత్తుకు రాకపోవడం అదే మొదటిసారి.

లేచాక, బట్టలు మార్చుకున్నాక, వంటిల్లూ బాత్‌రూమూ రెండూ మార్పించాలనుకున్నాను.

అటక మీద పాత డ్రాయింగు షీట్లు ఉన్నాయి. ఒకటి తెచ్చి హాల్లో నేల మీద పరిచాను. సన్నటి పెన్సిల్ గీత నాకిక కనపడదు కాబట్టి, నల్లటి లావు మార్కరు కొన్నాను. టేపు పట్టుకుని వంటింటి గోడలు కొలిచాను. అంకెలు చదవడానికి టేపుని పక్కకి తిప్పి తిప్పి చూడాల్సొచ్చింది. అచ్యుతాపురంలో ఎన్నో ఫ్యాక్టరీ షెడ్లకి లైట్లు నేను గీశాను. పరవాడ మందుల ఫ్యాక్టరీల్లో కారిడార్లకీ, మెట్లకీ గీశాను. గుండ్రటి గీత, అందులో అడ్డంగా ఓ ఇంటూ గుర్తు. అదీ లైటంటే. ఒక్క షెడ్డులోకీ వెళ్ళి ఆ వెలుగు కింద నిలబడి చూడలేదు. కాగితం మీద లైటు పెట్టడం చాలా తేలిక.

ఇప్పుడు నిలబడి చూశాను. టార్చిలైటుని గోడకి రకరకాల ఎత్తుల్లో పట్టుకుని, ఇంకో చేతిని గట్టు మీద పెట్టి, వేళ్ళ నీడ ఎటు పడుతోందో చూసేదాన్ని. లైటు వెనక ఉంటే పనికి రాదు. నడినెత్తిన ఉన్నా తల నీడ పడుతుంది. పై షెల్ఫుల అడుగున, ముందు అంచుకి దగ్గరగా పెడితే, వెలుగు తిన్నగా చేతుల మీద పడుతుంది, కళ్ళకి తగలదు. కానీ ఆ నల్ల గ్రానైట్ నున్నటి అద్దంలాంటిది. అడుగున లైటు పెట్టగానే అది రాయిలో మెరిసి కళ్ళలోకి కొట్టింది. పైగా నల్ల రాయి మీద ఆవాలూ మినప్పప్పు పొట్టూ మాయమైపోతాయి. రాయి మార్చక తప్పదని తేలింది. మెరుపు లేని లేత బూడిదరంగు రాయి. దాని మీద కూరలు తరగడానికి రెండు పీటలు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. ఉల్లిపాయ నల్లదాని మీద, వంకాయ తెల్లదాని మీద. ఇదంతా ఆలోచిస్తూ ఉంటే పొద్దు గడిచిపోయేది. ఆ రోజుల్లో గడిచిపోవడమే నాకు కావలసింది కూడా.

డాబాగార్డెన్స్ వైపు ఒక లైట్ల షాపుకి వెళ్ళాను. వెళ్ళేటప్పుడు చిన్న స్టీలు డబ్బాలో గుప్పెడు బియ్యం, కొంచెం కందిపప్పు, ఆవాలు, బియ్యంలో రెండు రాళ్ళు కావాలనే వేసి పట్టుకెళ్ళాను.

"ఏటి కావాలి మేడమ్? ఇల్లు కొత్తదా? హాలుకా?" అన్నాడు షాపతను. పైన వందలాది లైట్లు ఒకేసారి వెలుగుతున్నాయి. నా కళ్ళలో సుడిగుండం తిరుగుతోంది.

"వంటింటికి. బియ్యంలో రాయి కనపడే లైటు కావాలి."

అతను నవ్వాడు. నేను డబ్బా మూత తీసి కౌంటరు మీద పెట్టాను. నవ్వు ఆపేశాడు.

"ఇన్ని లైట్ల మధ్య ఏది బాగుందో నాకెలా తెలుస్తుంది? మిగతావి ఆర్పి ఒక్కోటీ చూపిస్తారా?"

"షాపు మూసేసినట్టు ఉంటాది మేడమ్" అన్నాడు. అన్నాడే గానీ వెనక గోడౌనులోకి తీసుకెళ్ళాడు. అట్టపెట్టెల మధ్య ఒక స్టూలు వేసి, ప్లగ్గు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి వెలిగించి చూపించాడు. బాగా తెల్లటి దాంట్లో అన్నీ నీలంగా, శవంలా కనిపించాయి. పసుపుదాంట్లో కందిపప్పు బాగుంది గానీ బియ్యమూ రాయీ ఒకటే అయిపోయాయి. ఆ రెండింటికీ మధ్య రకం ఒకటి పెట్టాడు. బియ్యం గింజలు విడివిడిగా కనిపించాయి. ఒక రాయి నేనే ఏరాను. రెండోది అతను చూపించాడు. "అది కావాలని వేసిందే" అన్నాను. "రెండోది కూడా మీరే ఏరాల మేడమ్, అప్పుడే ఈ లైటు అమ్ముతాను" అన్నాడు. డబ్బా కొంచెం పక్కకి తిప్పి, కంటి కొసతో చూసి, ఏరాను. ఇద్దరం చాలా సంతోషపడ్డాం. బయటికొచ్చి బస్సు ఎక్కాక, ఈ సంగతి చెప్పుకోవడానికి ఫోన్ తీశాను. తీసి మళ్ళీ సంచీలో పెట్టుకున్నాను. చెబితే అంతా చెప్పాలి.

ఎలక్ట్రీషియన్ పరవాడ వైపు నించి వచ్చేవాడు. అక్కడ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని, డ్యూటీ లేని పూటల్లో ఇళ్ళ పని. నా షీటు నేల మీద పరిచి చూపిస్తే గుండ్రాలు లెక్కపెట్టి గెడ్డం గోక్కున్నాడు.

"ఒక్క వంటింటికి ఇన్ని పాయింట్లేటమ్మా? సినిమా తీత్తారేటి ఇందులో?"

"నాకు కళ్ళు సరిగ్గా కనపడవు బాబూ. ఇంకా తగ్గిపోతాయి."

డాక్టరు కాకుండా మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. పేరు కూడా తెలీని మనిషికి. అతను వంగి షీటు మళ్ళీ చూశాడు. తర్వాత, "స్విచ్చులు తెల్లవి కొనకండమ్మా మరి, గోడ తెల్లగుంటాది కదా" అన్నాడు. "నల్లవి కొన్నాను" అన్నాను. బాత్‌రూమ్ మెట్టు అంచుకి ముదురు నీలం టైలు, దాని పక్కనే పాదాల ఎత్తులో చిన్న లైటు, అద్దానికి పైన కాకుండా రెండు పక్కలా రెండు లైట్లు. ఒక్కోటీ చూపించాను. తల ఊపుతూ విన్నాడు. రెండో రోజు నించి వైర్ల కోసం గోడలకి గాడి కొట్టడం మొదలుపెట్టాడు.

వదిన రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేది.

"ఏటి వండుకున్నావు?"

"వంకాయ కూర, చారు."

వంటిల్లంతా సిమెంటు దుమ్ము. స్టవ్వు హాల్లో మూల ఉంది. నేను తింటున్నది వీధి చివర కొట్టులో కొన్న ఇడ్లీ.

"ఆ సౌండేటే?"

"పక్కింట్లో ఏదో పని చేయించుకుంటున్నారు వదినా."

"రోజూ ఇదే సౌండు. ఆళ్ళ ఇల్లు కట్టుకుంటన్నారా, తవ్వుకుంటన్నారా" అని నవ్వేది. ఆ నవ్వు వెనకాల సముద్రం హోరు వినిపించేది. ఆమె బాగుంది. ఆ గొంతులో కొత్తగా ఏదో ఒక నిదానం వచ్చింది. నాకు అది చాలు అనుకునేదాన్ని. ఫోన్ పెట్టేశాక చాలేది కాదు.

ఒక ఆదివారం తలుపు తట్టిన చప్పుడయ్యింది. తీస్తే ఎదురుగా వదిన, ఆమె వెనక చేపల సంచీతో ఆయన. చెప్పకుండా వచ్చారు. నన్ను సర్‌ప్రైజ్ చేద్దామని.

వదిన అలవాటుగా తిన్నగా వంటింట్లోకి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. గోడల నిండా గాడులు. కిటికీ చట్రం ఊడదీసి ఉంది. గట్టు లేదు. ఆ నల్ల రాయి రెండు ముక్కలై బాల్కనీలో గోడకి చేరబడి ఉంది.

గట్టు ఉండాల్సిన చోట గోడని చేత్తో తడిమిందామె.

"ఏటే ఇది?"

"పాతదైపోయింది వదినా. మార్పిస్తున్నాను."

"నానెల్లి పట్టుమని రెండు నెల్లు కానేదు."

బాల్కనీలోకి వెళ్ళి ఆ రాయి మీద చెయ్యి వేసింది. అది అన్నయ్య తెచ్చిన రాయి. పెళ్ళయిన కొత్తలో ఎవరో స్నేహితుడి దగ్గర దొరికిందని, నలుగురి చేత మూడంతస్తులు మోయించి, వదినకి ఇష్టమైన ఎత్తులో వేయించాడు. నాకు తెలుసు. పగలగొట్టించే రోజు నేను ఇంట్లో ఉండలేక మెట్ల మీద కూర్చున్నాను.

"నాను వేరే మనువు సేసుకున్నానని నీకు కోపం" అంది వదిన, నా వైపు తిరక్కుండా. "నువ్వే సేసుకోమన్నావు. నువ్వే దగ్గరుండి పంపించినావు. ఇప్పుడు మీ అన్నయ్య గుర్తులన్నీ పీకేసి, నాను ముట్టుకున్నవన్నీ పీకేసి..."

"అది కాదు వదినా."

"మరేటి? సెప్పు."

చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటకి ఆమె సాయంత్రానికల్లా బట్టల మూటతో ఇక్కడుంటుంది. గాడిలోంచి వేలాడుతున్న ఖాళీ పైపుని చూస్తూ నిలబడ్డాను. వదిన చెంగుతో మొహం తుడుచుకుని మెట్లు దిగిపోయింది. ఆయన సంచీ నాకు అందించాడు. అందుకుందామని చెయ్యి చాపాను, దొరకలేదు, మళ్ళీ చాపాను. ఆయన సంచీ నా చేతి దాకా తెచ్చి, వేళ్ళకి తగిలించి, ఆమె వెనకాలే వెళ్ళిపోయాడు.

ఆ చేపలు పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను. కడగడానికి చోటు లేదు. ఆ రోజు తినాలనిపించలేదు కూడా.

మర్నాడు పొద్దున్నే ఆయన ఒక్కడే వచ్చాడు. ఆయన్ని ఏమని పిలవాలో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు. వదిన భర్త అంటే అన్నయ్య. ఆ పిలుపు నా నోటికి రాలేదు, "మీరు" అనే నెట్టుకొస్తున్నాను. ఆయనకి ఆ ఇబ్బంది లేదు.

"సెల్లమ్మా" అన్నాడు, కుర్చీలో కూర్చుని. "ఎప్పటి నించి?"

"ఏది?"

"నువ్వు నా మొగం సూడట్లేదు. నా సెవి సూత్తన్నావు. మా నాయన ఆఖర్న వల అల్లేటప్పుడు ఇలాగే పక్కకి సూసేవాడు."

దాచడానికి ఇంకేం మిగల్లేదు. చెప్పాను. పెళ్ళికి ముందే తెలుసని కూడా చెప్పాను. "వదినకి చెప్పకండి" అన్నాను.

"ఎందుకు?"

"వచ్చేస్తుంది."

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడో ఏమో, తల వంచాడు. "వచ్చేత్తాదని నాకూ బయ్యమే" అన్నాడు. "అబద్దం ఎందుకు? అది వచ్చినాక ఇంట్లో దీపం పెట్టే ఏళ తెలుత్తంది నాకు. గానీ నిన్న అన్నం ముట్నేదు. నీకు కోపమని ఏడుత్తంది. నీ కళ్ళ సంగతి తెలిసి ఏడవడం ఒకటి, నీకు కోపమని ఏడవడం ఒకటి. ఆ రెండోది దానికి కూడదు. నువ్వే సెప్పు. నాను సెప్పను. వచ్చేత్తే వచ్చేత్తాది, తరవాత సూసుకుందాం."

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, బాల్కనీలో ఆ రాయి ముక్కలు తీసుకెళ్ళనా అని అడిగాడు. తన ఇంటి వెనక ఆమె బట్టలు ఉతుక్కునే చోట వేస్తానన్నాడు. తీసుకెళ్ళమన్నాను. తర్వాత ఆటో తెచ్చి, ఇంకో మనిషితో కలిసి మోసుకుపోయాడు.

నేను వెంటనే చెప్పలేదు. పని పూర్తయ్యాక చెబుదామనుకున్నాను. రాయి వచ్చింది, గోడలకి రంగు పడింది, కిటికీకి కొత్త అద్దాలు వచ్చాయి. ఆఖరి రోజు చీకటి పడే వేళకి ఎలక్ట్రీషియన్ చివరి స్విచ్చు బిగించి, "వెయ్యండమ్మా" అన్నాడు. వేశాను. గట్టు మీద వెలుగు నిండుగా, మెత్తగా పరుచుకుంది. రాయిలో మెరుపు లేదు. నా చేతి గీతలు కనిపించాయి. మెటికల మీద వదిన పెనం వాత, ఇంకా మానలేదు, అది కనిపించింది. అతను సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

కొత్త గట్టు దగ్గర మొదటిసారి అన్నం వండాను. ఒక గ్లాసు బియ్యం. పల్లెం ఒకటి. ఆ వెలుగులో అన్నీ కనపడుతున్నాయి, చూడటానికి అవే ఉన్నాయి. ఒక పల్లెం, ఒక గరిటె, ఒక గ్లాసు. మసక వంటింట్లో నేను ఒక్కదాన్నే అన్న సంగతి ఇంత స్పష్టంగా ఉండేది కాదు. అన్నం అలాగే ఉంచి వదినకి ఫోన్ చేశాను.

అంతా చెప్పాను. చివర్లో, "పెళ్ళికి ముందే తెలుసా?" అంది. తెలుసన్నాను. ఫోన్ పెట్టేసింది.

తెల్లారాక మొదటి ఆటోకి వచ్చింది. తిట్టలేదు. చెప్పులు విప్పి, వంటింట్లోకి వచ్చి, కళ్ళు చికిలించుకుంది. "ఆపరేషన్ థియేటర్లాగుంది" అంది. తర్వాత నా ముందు నిలబడింది.

"నీకెలాగుంటాదో నాకు సూపించు."

ఎలా చూపించాలో తెలీలేదు. ఆమె చదువుకునే కళ్ళజోడు అడిగి తీసుకున్నాను. అద్దాల మధ్యలో బొటనవేలితో నెయ్యి రాసి ఇచ్చాను. పెట్టుకుంది. గట్టు వైపు చూసింది, ఉల్లిపాయ తీసుకుంది, కత్తి కోసం తడిమింది. నా వైపు తిరిగింది.

"ఓలమ్మా. నీ మొగం నేదే."

"ఉంది వదినా. కొంచెం పక్కకి చూడు."

పక్కకి చూసింది. అక్కడే నిలబడి ఏడ్చింది, నెయ్యి కళ్ళజోడు తియ్యకుండానే. నేను ఆమె చేతిలో కత్తి తీసి పక్కన పెట్టాను. ఆ రోజు మధ్యాహ్నం ఆ జోడుతోనే వంకాయ కూర వండింది. తెల్ల పీట మీద తరిగింది. "ఈ లైటు లేకపోతే వేళ్ళు కూడా కూరలోకెల్లిపోయేవి" అంది.

వచ్చేస్తానంది. వద్దన్నాను. ఆయన్ని కూడా ఇక్కడికి తెస్తానంది. "ఆయన సముద్రం వదిలి ఎలా ఉంటాడు? ఇక్కడ ఎవరి ఇంజను బాగుచేస్తాడు?" అన్నాను. సాయంత్రం దాకా వాదించుకున్నాం. చివరికి నేను గెలిచాను. గెలిచినందుకు కొంచెం బాధ కూడా వేసింది. వారానికో రోజు వస్తానని ఒప్పుకుంది. వచ్చినప్పుడల్లా చెవితో, ముక్కుతో, వేళ్ళతో వండటం నేర్పింది. పోపు మాడేముందు వాసన ఎలా మారుతుందో, పులుసు దగ్గరపడితే చప్పుడు ఎలా లావుగా అవుతుందో. ఇన్నేళ్ళుగా నన్ను ఆ వంటింట్లోంచి తరిమేసిన మనిషే, నా చెయ్యి పట్టుకుని గట్టు చివరి నించి చివరికి నడిపించింది.

ఇది జరిగి చాలా రోజులయ్యింది. ఆయన కూతురికి పాప పుట్టింది. వదిన చేతుల మీదే పెరుగుతోంది. వారానికోసారి వచ్చేది నెలకోసారి అయ్యింది. వానాకాలంలో కొండ రోడ్డు మీద మట్టి జారితే అదీ లేదు. నేనేం అనుకోవడం లేదు. అనుకోవడం లేదని చెప్పడానికి కూడా ఒక మనిషి ఉండాలి, అంతే. ఆయన్ని ఈ మధ్యే ఒకసారి ఫోన్లో "అన్నయ్యా" అన్నాను. ఆయన వాన సంగతి ఎత్తాడు.

ఎడమ కంట్లో మిగిలిన చూపు కూడా తగ్గుతోందని కిందటిసారి డాక్టరమ్మ చెప్పింది. హాల్లో లైట్లు పాతవే. మార్పించబుద్ధి కాలేదు. అక్కడ చూడాల్సింది ఏమీ లేదు. టీవీ కనపడదు, వినొచ్చు. అందుకని కుర్చీ ఒకటి తెచ్చి వంటింట్లో వేసుకున్నాను. రేడియో అక్కడే, భూతద్దం అక్కడే, పేపరూ అక్కడే. పెద్దక్షరాల వార్తలు రెండు మూడు చదువుతాను. సాయంత్రం కిటికీ తెరిస్తే పోర్టులో ఓడ కూత వినిపిస్తుంది. బొగ్గు పొడి వస్తుంది, వస్తే వచ్చిందని గుడ్డతో తుడుస్తాను. లేత రాయి మీద నల్ల పొడి బాగానే కనపడుతుంది.